మీకు తెలుసా? పెద్దలకు పెట్టే ముద్ద వెనక ఇన్ని సంగతులు

భాద్రపద బహుళ పాడ్యమి వచ్చిందంటే పంచాంగంలో పెళ్లి ముహూర్తాలుండవు. గృహప్రవేశం మాటెత్తితే ఇంట్లో పెద్దావిడ కళ్ళెర్ర చేస్తుంది. అమావాస్య దాకా పోయినవాళ్ళదే హవా. మహాలయ పక్షమనే ఆ పదిహేను రోజుల్నీ, ఏడాది పొడుగునా జరిగే తద్దినాల్నీ, తర్పణాల్నీ మనం ‘అశుభం’ అనే మూలగదిలో పెట్టి తలుపు వేసేస్తాం. ఆ తలుపు తీస్తే లోపల వంటల చరిత్ర ఉంది, ఖగోళం ఉంది, ఆస్తి తగాదాలున్నాయి, దేవతలకు పట్టిన అజీర్తి కూడా ఉంది.

మొదటి శ్రాద్ధం కొడుకుకి తండ్రి పెట్టాడు

తండ్రికి కొడుకు పెట్టేదే తద్దినమని మనకు తెలుసు. మహాభారతం ఆనుశాసనిక పర్వంలో భీష్ముడు ధర్మరాజుకి చెప్పిన కథ మాత్రం తలకిందులుగా ఉంటుంది. అత్రి వంశంలో నిమి అనే ఋషి. ఆయన కొడుకు శ్రీమంతుడు తపస్సు చేసి చేసి తండ్రి కళ్ళముందే పోయాడు. నిమికి దుఃఖం ఆగలేదు. కొడుక్కి ఇష్టమైన పళ్ళూ దుంపలూ తలచుకుని తలచుకుని సమకూర్చాడు. అమావాస్య నాడు బ్రాహ్మణుల్ని పిలిచి వడ్డించాడు. దర్భలు పరచి, కొడుకు పేరూ గోత్రమూ చెప్పి పిండాలు పెట్టాడు. అంతా అయ్యాక భయం పట్టుకుంది. ‘ఇంతకుముందు ఏ మునీ చెయ్యని పని చేశానే, వీళ్ళు నన్ను శపించరు కదా’ అని కుమిలిపోతుంటే అత్రి మహర్షి వచ్చి, ఇది బ్రహ్మ ఏర్పరచిన విధేనని ధైర్యం చెప్పాడు. శాస్త్రం తర్వాత వచ్చింది, ముందు వచ్చింది కన్నకడుపు బాధ. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చేది ఆ భయమే. దుఃఖంలో ఉన్న మనిషి ‘నేను చేసింది తప్పేమో’ అనుకోవడం ఈనాటికీ మారలేదు.

తరవాతి అధ్యాయం ఇంకా సరదాగా ఉంటుంది. నిమిని చూసి అందరూ శ్రాద్ధాలు పెట్టడం మొదలుపెట్టారు. తిని తిని పితృదేవతలకూ దేవతలకూ అజీర్తి చేసింది. పరుగెత్తుకుంటూ సోముడి దగ్గరికి వెళ్ళారు. ఆయన బ్రహ్మ దగ్గరికి పంపాడు. బ్రహ్మ పక్కనే ఉన్న అగ్నిని చూపించాడు. ‘నాతో కలిసి తినండి, అరుగుతుంది’ అన్నాడు అగ్నిదేవుడు. శ్రాద్ధంలో ముందు అగ్నికి పెట్టాకే మిగతావాళ్ళకు పెట్టడానికి భారతం చెప్పే కారణం ఇదీ.

అమావాస్య వాళ్ళకు మిట్టమధ్యాహ్నం

తర్పణానికి అమావాస్యే ఎందుకు? మన నెల పితృదేవతలకు ఒక రోజని మనుస్మృతి చెబుతుంది. కృష్ణపక్షం వాళ్ళకు పగలు, శుక్లపక్షం రాత్రి. ఇది పురాణాల లెక్కలే అని పక్కన పెట్టకండి. 1150లో సిద్ధాంత శిరోమణి రాసిన భాస్కరాచార్యుడు దీన్ని గోళ గణితంతో విడమరిచాడు. పితృదేవతలు చంద్రుడి పైభాగాన, అంటే భూమికి అవతలి వైపున ఉంటారట. కాబట్టి అమావాస్య నాడు సూర్యుడు వాళ్ళ నడినెత్తిన ఉంటాడు. పౌర్ణమి వాళ్ళకు అర్ధరాత్రి. మనువు లెక్కకు కాస్త తేడాగా, కృష్ణపక్షం సగంలో వాళ్ళకు తెల్లవారుతుంది, శుక్లపక్షం సగంలో పొద్దుగూకుతుంది.

పితృదేవతలు అక్కడున్నారో లేరో మీ నమ్మకానికి వదిలేస్తాను. జ్యామితి మాత్రం అక్షరాలా నిజం. చంద్రుడి మీద ఒక పూర్తి రోజు మన లెక్కలో ఇరవై తొమ్మిదిన్నర రోజులు. 2023లో శ్రీహరికోట నుంచి వెళ్ళిన చంద్రయాన్-3 ల్యాండరూ రోవరూ అక్కడి ఒక్క పగటిలో, అంటే మన పద్నాలుగు రోజుల లోపే పనిచేసి, పొద్దు వాలబోయే ముందు నిద్రపోయాయి. చంద్రుడి అవతలి ముఖాన్ని మనిషి ఫొటోలో చూసింది 1959లో. అక్కడ ఎప్పుడు మధ్యాహ్నమవుతుందో అంతకు ఎనిమిది వందల ఏళ్ళ ముందే లెక్కగట్టి, ఆ వేళకు భోజనం పెట్టమన్నారు. మధ్యాహ్నం భోజనం వేళకే కదా ఎవరికైనా ఆకలి!

మన రోజులో కూడా శ్రాద్ధానికి మధ్యాహ్నమే. పగటిని పదిహేను ముహూర్తాలు చేస్తే ఎనిమిదోది కుతపం. శ్రాద్ధంలో పవిత్రమైనవి మూడని మనువు లెక్కపెట్టాడు. కుతప కాలం, నువ్వులు, కూతురి కొడుకు. కొడుకుల గురించి అంత చెప్పిన శాస్త్రం దౌహిత్రుడికి ఆ పీట వేసిందని చాలామందికి తెలియదు.

చేతికంటిన మెతుకులు ఎవరివి?

పిండాలు మూడు తరాలకే. తండ్రి వసువు, తాత రుద్రుడు, ముత్తాత ఆదిత్యుడు. మరి ముత్తాత తండ్రి సంగతేమిటి? ఆయన, ఆయన తండ్రి, ఆయన తాత కూడా పంక్తిలో ఉన్నారు. పిండాలు పెట్టాక చేతికి అంటుకున్న మెతుకుల్ని దర్భలకు తుడుస్తారు చూడండి, అది వాళ్ళ వాటా. వాళ్ళను లేపభాగులంటారు. పెట్టేవాడితో కలిపి ఏడు తరాలు. ఇంట్లో ఒకరు పోయి, ఏడాది మాసికాలు పూర్తయి, సపిండీకరణం జరిగినప్పుడు ఆ పోయినవాడి పిండాన్ని పై మూడు పిండాలతో కలుపుతారు. దాంతో అందరూ ఒక్కో మెట్టు పైకి జరుగుతారు. నిన్నటిదాకా పిండం అందుకున్న ఆఖరి పెద్దాయన ఇక చేతి మెతుకులకు మారతాడు. (ఇప్పుడు చాలా ఇళ్ళలో ఏడాది ఆగకుండా పన్నెండో రోజే సపిండీకరణం కానిచ్చేస్తున్నారు. అందుకూ శాస్త్రంలో అనుమతి ఉంది.)

ఈ ‘సపిండులు’ అన్న మాట మీద వందల ఏళ్ళు ఆస్తి వ్యాజ్యాలు నడిచాయి. కల్యాణి చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడి కొలువులో విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర, పిండమంటే శరీరం అంది. ఒకే దేహపు అంశ పంచుకున్నవాళ్ళు సపిండులు, రక్తం దగ్గరైతే వారసత్వం దగ్గర. బెంగాల్లో జీమూతవాహనుడు దాయభాగంలో దీన్ని ఒప్పుకోలేదు. ఆయన లెక్కలో పిండమంటే అన్నపు ముద్దే. ఎవరు పెట్టే పిండం పోయినవాడికి ఎక్కువ మేలు చేస్తుందో వాడికే ఆస్తిలో ముందు హక్కు. మన తెలుగు నేల మీద మితాక్షర నడిచింది కాబట్టి మన తాతముత్తాతల పొలాలు ఆ దారినే పంచుకున్నారు. బ్రిటిషు కాలంలో కలకత్తా కోర్టుల్లో జడ్జీలు ఎవరెవరు ఎవరెవరికి పిండం పెట్టొచ్చో వాదనలు వింటూ కూర్చున్నారంటే నమ్మాలి మరి.

ఆ మాట ఇప్పటికీ చట్టంలో ఉంది. 1955 హిందూ వివాహ చట్టం సపిండుల మధ్య పెళ్లి కూడదంటుంది. తననూ కలుపుకొని లెక్కేస్తే తండ్రి వైపు ఐదు తరాలు, తల్లి వైపు మూడు తరాలు దాటాలి. అలాగైతే మేనమామ కూతురు సపిండురాలే! ఆచారం ఉన్నచోట మినహాయింపని చట్టమే ఒక ముక్క చేర్చింది కాబట్టి మన మేనరికాలు బతికిపోయాయి.

వాస్కో డ గామా అడుగుపెట్టని వంటిల్లు

తద్దినం వంట చేసే ఇంట్లో పొయ్యి పక్కన నిలబడి చూడండి. టమాటా లేదు. బంగాళాదుంప లేదు. క్యాబేజీ, కాలీఫ్లవర్, క్యారెట్ లేవు. అన్నిటికన్నా వింత, ఆంధ్రుల వంటింట్లో మిరపకాయ లేదు! కారం కావాలంటే మిరియాలు, అల్లం. కూరలకు అరటికాయ, కంద, చేమ, కాకర, పొట్ల. పెసరపప్పు, నువ్వుల పచ్చడి, కరివేపాకు, మినపగారెలు, పరమాన్నం. ఉల్లి వెల్లుల్లి సరే, అవి మామూలుగానే మడివంటకు పనికిరావు. చాలా ఇళ్ళలో మునక్కాయ కూడా నిషిద్ధమే.

ఈ జాబితా వెనక ఎవరూ వృక్షశాస్త్రం చదవలేదు. కొత్తగా వచ్చినదాన్ని పెద్దలకు పెట్టకూడదు, వాళ్ళు ఎరిగిన తిండే పెట్టాలి అన్న ఒక్క పట్టుదల ఉంది. మిరప, టమాటా, బంగాళాదుంప దక్షిణ అమెరికా నుంచి, మెక్సికో నుంచి సముద్రాలు దాటి వచ్చినవి. 1498లో వాస్కో డ గామా కాలికట్ రేవులో దిగిన తర్వాతే ఆ దారి తెరుచుకుంది. కాబట్టి తద్దినపు విస్తరిలో మీరు చూసేది అయిదు వందల ఏళ్ళ కిందటి మన భోజనం. తిక్కన తిన్న కూర ఏ రుచిలో ఉండేదో తెలుసుకోవాలంటే మ్యూజియానికి కాదు, ఎవరింటి ఆబ్దికానికో వెళ్ళాలి.

ఇంత కాపలా ఉన్నా ఒక దొంగ లోపలికి దూరాడు. పరమాన్నంలో నేతిలో వేయించి వేస్తారే, ఆ జీడిపప్పు. బ్రెజిల్ నుంచి పోర్చుగీసువాళ్ళు తెచ్చిందే. ఎంత నిష్ఠగల వంటమనిషి కూడా దాన్ని గుమ్మంలో ఆపలేకపోయాడు. ఆపాలనుకున్నాడా అన్నది వేరే సంగతి.

కాకరకాయ విలువ నూరు

అదే వంటింటి నుంచి మరో కథ. వసిష్ఠుడు భోజనానికి పిలిస్తే విశ్వామిత్రుడు వెయ్యెనిమిది కూరలతో పెడితేనే వస్తానన్నాడట. అరుంధతి కాకరకాయ కూర, నల్లేరు పచ్చడి, పనస వడ్డించి, మరో ఎనిమిది కూరలు పెట్టింది. మిగతావేవి అని ఆయన అడిగితే, శ్రాద్ధ కాలంలో కాకర నూరు కూరల పెట్టు, నల్లేరు మూడు వందలు, పనస ఆరు వందలు, ఇక ఎనిమిది కళ్ళముందున్నాయి అని లెక్క అప్పజెప్పింది. ఋషి నోరు మూసుకుని తిన్నాడు. దక్షిణాదిలో ఈ లెక్కకు శ్లోకం కూడా ఉంది.

ఇంత గౌరవం ఉన్న కాకరకాయనే కాశీ, గయ వెళ్ళినవాళ్ళు ఎక్కువగా ‘వదిలేసి’ వస్తుంటారు. గయలో అక్షయవటం దగ్గర ఇష్టమైన ఒక కాయో, పండో, ఆకో వదలాలని నియమం. ఇష్టమైనది వదలమన్నారు. మనవాళ్ళు చేదుది చూసి వదులుతారు.

కాకికి ఆ హోదా ఎక్కడిది?

ఉత్తర రామాయణంలో మరుత్తుడనే రాజు యజ్ఞం చేస్తుంటే రావణుడు దండెత్తి వచ్చాడు. దేవతలు హడలిపోయి పక్షుల్లో జంతువుల్లో దాక్కున్నారు. ఇంద్రుడు నెమలిలో, వరుణుడు హంసలో, కుబేరుడు తొండలో, యముడు కాకిలో. గండం గడిచాక ఎవరికి వాళ్ళు ఆశ్రయమిచ్చిన జీవికి వరమిచ్చారు. నెమలి తోకకు ఇంద్రుడి కళ్ళొచ్చాయి. కాకికి యముడిచ్చిన వరమేమంటే, దానికి జబ్బు చెయ్యదు, అది తింటే నా లోకంలో ఆకలితో ఉన్నవాళ్ళ కడుపు నిండుతుంది అని. అప్పటినుంచి ముద్ద ముందు కాకికి.

తెలంగాణలో మూడో రోజు ‘పిట్టకు పెట్టుడు’ అంటారు. పోయినాయనకు ఏది ఇష్టమో అదంతా విస్తట్లో చేరుతుంది. మాంసం, కల్లు, బీడీకట్ట కూడా. కాకి రాకపోతే ఒక్కొక్కరూ ముందుకొచ్చి ‘నీ బిడ్డ పెళ్ళి నేను చేస్త’, ‘తమ్మునితోటి కొట్లాడ’ అని మాటిస్తారు. పోయినవాడికి ఇచ్చే మాట ఊరందరి ముందర పడుతుంది కాబట్టి అది ప్రామిసరీ నోటు కన్నా గట్టిది. 2023లో వేణు ఎల్దండి తీసిన ‘బలగం’ కథంతా కాకి ముట్టని ఆ ముద్ద చుట్టూనే తిరిగింది. ఊళ్ళలో తెర కట్టి ఆ సినిమా వేసుకుని, జనం గుంపులుగా కూర్చుని ఏడ్చారు.

పట్నాల్లో అపార్టుమెంటు మేడల మీద మాత్రం ఇప్పుడు కాకి కోసం గంటలు ఎదురుచూడాల్సి వస్తోంది. అందులో తీరని కోరికల కన్నా కొట్టేసిన చెట్ల పాత్రే ఎక్కువని నా అనుమానం.

చిన్నవి కొన్ని

నీళ్ళు వదిలే తీరు చూసి తర్పణం ఎవరికో చెప్పొచ్చు. వేళ్ళ కొసల నుంచి వదిలితే దేవతలకు. చిటికెన వేలు మొదటి నుంచి వదిలితే ఋషులకు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నుంచి జారితే పితరులకు. ఆ చోటుకి పితృతీర్థమని పేరు. జంధ్యం కూడా దేవతలకు ఎడమ భుజాన, ఋషులకు దండలా, పితరులకు కుడి భుజాన.

శ్రద్ధ ఉన్నవాడు ఏడాదికి ఎన్ని శ్రాద్ధాలు పెట్టాలి? తొంభై ఆరు! అమావాస్యలు 12, సంక్రమణాలు 12, మన్వాదులు 14, యుగాదులు 4, మహాలయాలు 16, వ్యతీపాతాలు 13, వైధృతులు 13, అన్వష్టకాదులు 12. కూడి చూసుకోండి. అన్నీ పెట్టినవాళ్ళు ఏ కాలంలోనైనా వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే ఉండి ఉంటారు.

తండ్రి బతికుండగా తర్పణం వదలకూడదంటారు. ఇద్దరి విషయంలో ఆ అడ్డు లేదు. ఒకరు యముడు, ఇంకొకరు భీష్ముడు. పెళ్లి మానుకుని, పిల్లలు లేక పోయిన భీష్ముడికి మాఘ శుద్ధ అష్టమి నాడు ఎవరైనా కొడుకై నీళ్ళు వదలొచ్చు.

జరత్కారువనే ముని పెళ్లి వద్దని తిరుగుతుంటే, ఒక గోతిలో తలకిందులుగా, గడ్డి దుబ్బు పట్టుకుని వేలాడుతున్న ముసలివాళ్ళు కనిపించారు. ఆ గడ్డి వేళ్ళను ఎలుక కొరుకుతోంది. ఎవరు మీరని అడిగితే తన తాతలే. దాంతో పెళ్లి చేసుకున్నాడు, ఆస్తీకుడు పుట్టాడు, జనమేజయుడి సర్పయాగం ఆగింది. నన్నయ ఆదిపర్వంలో ఈ కథ ఉంది. పెళ్లి మాటెత్తితే తప్పించుకునే కుర్రాళ్ళున్న ఇళ్ళలో ఇది ఇప్పటికీ పనికొచ్చేదే.

తెలుగు పెళ్లిళ్ళకు ముందు జరిగే నాంది కూడా శ్రాద్ధమే. అయితే అందులో నువ్వులుండవు, జంధ్యం కుడివైపుకు మారదు. పితరులు శుభకార్యానికి వచ్చిన చుట్టాలుగా వస్తారు.

ఒక్క అసురుడు, మూడు ఊళ్ళు

గయాసురుడు చెడ్డవాడు కాదు. అదే చిక్కు. అతని ఒంటిని తాకినవాళ్ళంతా వైకుంఠానికి పోతుంటే యముడికి పని లేకుండా పోయింది. దేవతలు అతని శరీరాన్నే యజ్ఞవేదికగా అడిగారు. ‘సరే’ అని పడుకున్నాడు. మన వైపు చెప్పే కథ ప్రకారం తల బీహార్‌లోని గయలో, నాభి ఒడిశాలోని జాజ్‌పూర్‌లో, పాదాలు మన పిఠాపురంలో. ఏడు రోజులు కదలకుండా ఉండాలన్నది ఒప్పందం. ఏడో రాత్రి ఇంకా తెల్లవారకుండానే శివుడు కోడిలా కూశాడు. గయుడు తెల్లారిందనుకుని లేచాడు. యజ్ఞం చెడింది, ఒప్పందం తప్పింది. అలా కోడై కూసిన శివుడే పిఠాపురంలో కుక్కుటేశ్వరుడు. అక్కడి కోనేటి గట్టున పిండాలు పెడతారు, ఆ క్షేత్రాన్ని పాదగయ అంటారు. జాజ్‌పూర్ నాభిగయ. ఆ ఊరి పక్కన పారే నది పేరు వైతరణి.

చచ్చేముందు గయుడు కోరిన వరం, తన మీద నిత్యం పిండం పడాలని. ఒక్కరోజు తప్పినా లేస్తానన్నాడని గయలో చెప్పుకుంటారు. అక్కడి విష్ణుపాదం గుడి ఇప్పుడున్న రూపంలో కట్టించింది ఇందోరు రాణి అహల్యాబాయి హోల్కర్, 1787లో. నల్లరాతి మీద ఉన్న పాదముద్ర సుమారు 40 సెంటీమీటర్లు. 1830 మేలో చెన్నపట్నం నుంచి బయలుదేరి పదిహేను నెలలు తిరిగిన ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రలో గయ కూడా ఉంది. అప్పటి ప్రయాణం పల్లకీల మీద, కాలినడకన. 2025లో బీహార్ ప్రభుత్వం ఊరి పేరును గయాజీ అని మార్చింది.

ఫల్గు నది ఒడ్డున జనం చెప్పుకునే కథలో పిండం పెట్టింది సీత. రాముడు సరుకులు తేవడానికి వెళ్ళాడు. ఈలోగా దశరథుడి చెయ్యి నదిలోంచి పైకొచ్చి ఆకలేస్తోందంది. చేతిలో ఏమీ లేక సీత ఇసుక ముద్ద చేసి పెట్టింది. రాముడు వచ్చి నమ్మకపోతే ఆమె సాక్షుల్ని పిలిచింది. ఫల్గు, ఆవు, మొగలిపువ్వు, గయ బ్రాహ్మణుడు అబద్ధమాడారు. మర్రిచెట్టు ఒక్కటే నిజం చెప్పింది. సీత శాపంతో ఫల్గు ఇసుక కిందకు పోయింది, మొగలిపువ్వు పూజకు పనికిరాకుండా పోయింది, ఎంత ఇచ్చినా గయ పండాకు, అంటే అక్కడి తీర్థ పురోహితుడికి, తృప్తి లేకుండా పోయింది. (ఈ చివరి శాపం ఎంత బలంగా పనిచేస్తోందో గయ వెళ్ళొచ్చినవాళ్ళనడగండి.) మర్రి మాత్రం అక్షయవటమైంది. ఆడవాళ్ళు పిండం పెట్టొచ్చా అని ఇప్పటికీ తగవులాడేవాళ్ళు, గయ అంతటి క్షేత్రంలో కథానాయిక ఎవరో గమనించినట్టు లేదు.

నది విషయానికొస్తే, వానాకాలం దాటితే ఫల్గులో నిజంగానే ఇసుకే. చేత్తో తవ్వితే నీళ్ళూరతాయి. యాత్రికుల కోసం 2022 సెప్టెంబరులో అక్కడ 411 మీటర్ల రబ్బరు డ్యామ్ కట్టి నీళ్ళు నిలబెట్టారు. సీత శాపానికి ఇంజినీర్లు వెతికిన విరుగుడు.

అమ్మకు పదహారు

గయలో తండ్రి వైపు వాళ్ళందరికీ పెట్టాక, తల్లికి విడిగా పదహారు పిండాలు పెడతారు. మాతృషోడశి అని పేరు. ఒక్కో పిండానికి ఒక్కో కారణం చదువుతారు. నెలలు మోసినందుకు, పురిటి నొప్పికి, కడుపులో కాళ్ళతో తన్నినందుకు, బిడ్డకోసం చేదు మందులు మింగినందుకు, తాను తడిబట్టలో పడుకుని బిడ్డను పొడిచోట పడుకోబెట్టినందుకు. ఇన్ని కష్టాలు పెట్టాను, అందుకు ఇది, అని కొడుకు ఒప్పుకుంటూ పోవాలి. అప్పటిదాకా సెల్‌ఫోన్ చూసుకుంటూ మంత్రాలకు తలాడించిన మగవాళ్ళు ఇక్కడికొచ్చేసరికి గొంతు పూడుకుపోయి నిలబడతారు. తల్లికి మాత్రమే ప్రత్యేకమైన క్షేత్రం గుజరాత్‌లో ఉంది. సిద్ధపూర్‌లోని బిందు సరోవరం. కపిలుడు తన తల్లి దేవహూతికి తత్త్వం బోధించిన చోటంటారు. దాన్ని మాతృగయ అంటారు.

ఏ రోజు ఎవరిది?

మహాలయ పక్షంలో పోయిన తిథి నాడు పెట్టడం మామూలు పద్ధతి. కొందరికి విడిగా రోజులున్నాయి. భరణి నక్షత్రం ఉన్న రోజు పెడితే గయలో పెట్టినంత ఫలం. పసుపుకుంకుమలతో పోయిన ఇల్లాళ్ళకు నవమి. సన్యాసులకు ద్వాదశి. కత్తిపోట్లకు, ప్రమాదాలకు పోయినవాళ్ళకు చతుర్దశి. తిథి తెలియనివాళ్ళకూ, మిగిలినవాళ్ళందరికీ అమావాస్య. ఆ రోజు తెలంగాణ పల్లెల్లో పెత్రమాస. పొద్దున స్వయంపాకం పళ్ళెం పట్టుకుని, బియ్యం, పప్పు, కూరగాయలు, చింతపండు అయ్యగారికి ఇచ్చి పెద్దల పేర్లు చెప్పిస్తారు. సాయంత్రానికి అవే ఇళ్ళ ఆడపిల్లలు ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. ఒకే రోజున పొద్దున పోయినవాళ్ళు, పొద్దుగూకాక పూలు. కోస్తా జిల్లాల్లో ఈ పని చాలా ఇళ్ళలో సంక్రాంతికి జరుగుతుంది. కొత్తబట్టలు ముందు పెద్దల ఫొటో దగ్గర పెట్టి, తర్వాతే కట్టుకుంటారు.

దీపావళి రాత్రి గోగుకర్రలకు గుడ్డ వత్తులు కట్టి, వెలిగించి, పిల్లల చేత తిప్పించడం గుర్తుందా? అదీ ఇందులో భాగమే. ఉల్కాదానమంటారు. మహాలయానికి వచ్చిన పితరులు తిరిగి వెళ్ళేటప్పుడు చీకటి కాబట్టి దారి చూపించే దివిటీ అది. టపాకాయలు ఆ తర్వాత వచ్చి చేరాయి.

పల్నాడులో కార్తీక అమావాస్యకు కారంపూడిలో అయిదు రోజుల పాటు పల్నాటి యుద్ధంలో పడిపోయిన వీరులకు ఉత్సవం జరుగుతుంది. వీరుల ఆయుధాలని కాపాడుకుంటూ వస్తున్నవాటిని ఊళ్ళనుంచి మోసుకొచ్చి నాగులేటిలో కడుగుతారు. పితృకార్యమా, జాతరా అని అడిగితే రెండూ అంటాను.

పైసా లేనివాడి శ్రాద్ధం

విష్ణుపురాణం మూడో అంశంలో ఔర్వుడు సగరుడికి చెప్పిన మాటలివి. అన్నం పెట్టగలిగితే పెట్టు. లేకపోతే పచ్చి ధాన్యం ఇవ్వు. అదీ లేకపోతే గుప్పెడు నువ్వులు. కాకపోతే నీళ్ళలో ఏడెనిమిది నువ్వుగింజలు. అవీ లేకపోతే ఒక రోజు ఆవుకి గడ్డి. అదీ కుదరనివాడు అడవికి వెళ్ళి, చంకలు కనిపించేలా రెండు చేతులూ సూర్యుడికేసి ఎత్తి, ‘నా దగ్గర డబ్బు లేదు, ధాన్యం లేదు, ఇంకేమీ లేదు, నా భక్తితోనే తృప్తి పడండి’ అని గట్టిగా చెబితే చాలు. శ్రాద్ధం పూర్తయినట్టే.

పొద్దున్నే టీవీ పెట్టి, మీ పిల్లకు పెళ్లి కాకపోవడానికి, మీ వ్యాపారం దెబ్బతినడానికి పితృదోషమే కారణమనీ, ఫలానా పూజకు ఇంత చెల్లిస్తే తాతగారు శాంతిస్తారనీ భయపెట్టే ప్రకటనలు చూసినప్పుడల్లా నాకు ఆ ఎత్తిన చేతులే గుర్తొస్తాయి. బతికున్నప్పుడు మనవడి చేతిలో చాక్లెట్టుకి డబ్బులు పెట్టిన తాత, పోయాక అదే మనవడి మీద పగబట్టి బేరానికి కూర్చుంటాడా?

తర్పణంలో మరో చోటు కూడా చూడండి. సొంతవాళ్ళయ్యాక కారుణ్య పితరుల పేరుతో మేనమామలు, అత్తలు, అక్కచెల్లెళ్ళు, మామగారు, గురువు, స్నేహితుడు అందరికీ నీళ్ళు వదులుతారు. ఆఖరున, తల్లీ తండ్రీ బంధువూ లేక, పేరు తలిచే దిక్కే లేనివాళ్ళకు బట్ట పిండిన నీళ్ళు. చాలామంది పురోహితులు ఈ ముక్క గబగబా దాటించేస్తారు. దాటనివ్వకండి.

హరిద్వార్ పండాల పుస్తకాలు

హరిద్వార్‌లో పండాల దగ్గర వహీలుంటాయి. పొడుగాటి చిట్టా పుస్తకాలు. యాత్రికుడు వచ్చినప్పుడల్లా ఊరు, కులం, తండ్రి, తాత, పిల్లల పేర్లు రాయించి సంతకం పెట్టిస్తారు. తరాల తరాల వంశవృక్షాలు అలా పోగుపడ్డాయి. ఉత్తరాది కోర్టుల్లో ఆస్తి దావాలకు వీటిని సాక్ష్యంగా తెచ్చారు. అమెరికాలోని యూటా రాష్ట్రపు వంశవృక్ష సంఘం వాళ్ళు వచ్చి వీటికి మైక్రోఫిల్ములు తీసుకెళ్ళారు.

కంబోడియాలోనూ ఇవే పదిహేను రోజులు

మన మహాలయం నడిచే రోజుల్లోనే కంబోడియాలో ‘ప్చుమ్ బెన్’ జరుగుతుంది. నెల పేరు ఖ్మేర్ భాషలో ఫోత్రోబోత్, అంటే మన భాద్రపదమే. పదిహేను రోజులూ కృష్ణపక్షమే. పేరులోని బెన్ మన పిండమే. అక్కడివాళ్ళు బౌద్ధులు కాబట్టి తద్దినం భోజనం చేసే భోక్తల స్థానంలో భిక్షువులుంటారు. తెల్లవారుజామున చీకట్లోనే గుడి చుట్టూ తిరుగుతూ నువ్వులు కలిపిన అన్నపు ముద్దలు విసురుతారు. ఆకలిగొన్న పితరులు వెలుగును ఓర్చుకోలేరని వాళ్ళ నమ్మకం. ఆ పదిహేను రోజుల్లో ఏడు గుళ్ళైనా తిరగాలంటారు. లేకపోతే తాతలు తమకోసం వెతుక్కుని, కనబడక తిట్టుకుంటారట. 2024లో మనకు మహాలయ అమావాస్య అక్టోబరు 2న వచ్చింది. వాళ్ళకు ప్చుమ్ బెన్ అసలు రోజూ అదే. అక్కడ దానికి మూడు రోజులు ప్రభుత్వ సెలవు. నోమ్‌పెన్ నగరం ఖాళీ అయ్యి బస్సులన్నీ సొంతూళ్ళకు కిక్కిరిసి పోతాయి, సంక్రాంతికి మన హైదరాబాద్ ఖాళీ అయినట్టే.